గేజికి రెండు నోళ్ళు

బొమ్మసంద్రలోని ఆ ఫ్యాక్టరీలో బస్సుల బ్రేకులకు పిన్నులు చేస్తారు. పిన్ను మందం పన్నెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఆ వారం ఒక మెషిన్ మొరాయించి నలభై ఒక్క పెట్టెల పిన్నులు 12.3కే సన్నబడ్డాయని కొలిచి కంప్యూటర్లో ఎక్కించినవాడు పెద్దమునియప్ప. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని కొలవడమే. ఆ పెట్టెలు గోడౌన్‌లో రెండువేల పెట్టెల మధ్య కలిసిపోయాయి. రికార్డులో 'ఆపు' అని పడకపోతే మూడింటి లారీలో ఎక్కేస్తాయి.

ఆ పని శైలజ మీద పడింది. పై అంతస్తు ఆఫీసులో కంప్యూటర్ పనికి గుత్తి నుంచి వచ్చి చేరి మూడు నెలలైంది. మందం 12.3 ఉన్న పెట్టెలన్నిటికీ 'ఆపు' పెట్టమని కంప్యూటర్‌కు ఆదేశం, అంటే అప్‌డేట్ క్వెరీ, రాసింది. మారినవి సున్నా అని వచ్చింది. మళ్ళీ నడిపింది. మళ్ళీ సున్నా. అదే క్వెరీ 12.5తో నిన్నటిదాకా చక్కగా పనిచేసింది.

"సున్నా అంటే చెడ్డ పెట్టెలే లేనట్టు," అన్నాడు మేనేజర్ సుధీర్. "మునియప్పకు కళ్ళు ఆనడం లేదు. వచ్చే నెల నుంచి గేటు దగ్గర కూర్చోబెడదాం. లారీ పోనీ."

శైలజకూ అదే నిజమేమో అనిపించింది. అయినా మనసొప్పక మెట్లు దిగి మెషిన్లున్న షెడ్డులోకి వెళ్ళింది. అప్పటికి రెండుంబావు.

"అన్నా, మీరు కొలిచిన పెట్టె నంబరు ఒకటి చెప్పండి."

"సుమ్నే, ఊరికే రాస్తానా పాపా?" అని మునియప్ప చిన్నబుచ్చుకుంటూనే జేబులోని చీటీ చూసి చెప్పాడు. ఆమె ఫోన్లో ఆ రికార్డు తెరిచింది. 12.3 అనే ఉంది. కళ్ళెదుట ఉన్న అంకెను కంప్యూటర్ లేదంటోంది!

"సరిగ్గా పన్నెండున్నర ఉండాదా అని మీరెట్లా చూస్తారన్నా?"

ఆయన నవ్వి, రెండు నోళ్ళున్న ఇనుప గేజి తీశాడు. "సరిగ్గా అని ఎవురు చూస్తారమ్మా? ఇనుముకు సరిగ్గా అనేది ల్యాదు. ఈ నోట్లో పిన్ను దూరాల, ఈ నోట్లో దూరకుండా నిలబడాల. ఆ రెండిటి నడుమ ఉంటే సరి."

శైలజ నెత్తి కొట్టుకుంది. కంప్యూటర్ 12.3ను ఉన్నదున్నట్టు దాచుకోలేదు; పట్టికలో దాన్ని పొట్టిగా కత్తిరించి దాచింది, క్వెరీలో అదే అంకెను ఇంకా పొడుగ్గా తీసుకుంది. చూపులకు రెండూ 12.3 అయినా, చుక్క తర్వాత ఎక్కడో చివర తేడా పడుతోంది. 12.5లో మిగిలేది సరిగ్గా సగం కాబట్టి దానికి ఆ తేడా రాదు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఆమె పరుగున పైకెళ్ళి 'సమానం' తీసేసి, 12.25కూ 12.35కూ మధ్య ఉన్నవి అని రాసింది.

నలభై ఒకటి.

సుధీర్ ఫోన్ తీసి లారీ ఆపమన్నాడు. గేటు మాట మళ్ళీ ఎత్తలేదు.

శైలజ కిందికొచ్చి లెక్క చెబితే మునియప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "నా కండ్లు పోయినాయేమోనని నాకే భయమైంది పాపా. నువ్వు నన్ను నమ్మినావు."

ఈయన గేజి తీయకపోతే తానేం చేసేది? ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదన్నా. నేనూ మొదట మిమ్మల్ని నమ్మలేదు."

ఆయన గేజి జేబులో పెట్టుకున్నాడు.

"నమ్మకపోయినా దిగొచ్చి అడిగినావు గదమ్మా. ఇరవై ఆరేండ్లలో పైనుంచి దిగొచ్చి నన్ను అడిగింది నువ్వొక్కదానివే."