నలభయ్యో గిన్నె

నిన్న మధ్యాహ్నం తిని కడగకుండా వదిలేసిన గిన్నెను విగ్గా కుళాయి కింద పెట్టింది. అడుగున ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలు రెండు అంటుకుని ఉన్నాయి. వేలితో వాటిని పక్కకు తోసింది. కింద నీలిరంగు లేదు. అచ్చం ఆ ముక్కల ఆకారంలోనే రెండు తెల్లటి మచ్చలు.

కుళాయి కట్టేసింది.

బీట్‌రూట్ ఊరిన వెనిగర్ గిన్నె మీది నీలి పూతను తినేసింది. అంటే పూతలో ఉన్నది తిండిలోకి దిగుతోందన్నమాట. అందులో ఏముందో ఆమెకు తెలుసు. తానే తూచి, తానే కలిపింది. ఆ సముద్రపు నీలం కోసం బేరియం వేసింది. బాగా కాలితే పూత గాజులా మారి, అది అందులోనే ఉండిపోతుంది. కాలకపోతే విషం.

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కుండల కళ చదువు ముగించి ఏడాది కాలేదు. తోటి విద్యార్థి మాల్టెతో కలిసి, రేవు పక్కన చేపల వాసన ఇంకా వదలని పాత షెడ్డులో సొంత పని మొదలుపెట్టింది. కళ చదివినవాళ్ళకు వ్యాపారం నేర్పే తరగతిలో మొదటి రోజే చెప్పారు: "ముందు అమ్మండి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు." ఆ మాట ఇద్దరికీ నచ్చింది. మొదటి పెద్ద బేరం ఒక చిన్నపిల్లల బడి నుంచి వచ్చింది. నలభై గిన్నెలు, మూడు వారాల గడువు. తమకని ఇంకొకటి కలిపి, అరువు తెచ్చుకున్న బట్టీలో కాల్చింది. బట్టీ తెరిచేసరికి, వేడి చాలితే పూర్తిగా వంగిపోవాల్సిన మట్టి శంకు సగమే వంగి ఉంది. విగ్గా చూసింది. చూసి, దాన్ని జేబులో వేసుకుంది.

మాల్టె రొట్టెలు పట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏంటి, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

ఆమె గిన్నె చూపించింది. అతను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు.

"ఒక్క గిన్నే కదా. ల్యాబ్‌కి పంపుదాం. వారంలో తేలిపోతుంది. అందాకా నోరు మెదపకు."

"ఆ వారమంతా పిల్లలు వాటిలోనే తింటారు."

"ఏం తింటారు? గంజీ పాలూ. వాటికేం కరగదులే."

"ఇది రూబార్బ్ కాలం, మాల్టె."

అతను గిన్నె కింద పెట్టాడు. ఈ నెలలో పుల్లటి రూబార్బ్ కాడలతో జావ వండని వంటిల్లు లేదు.

"నువ్వు చెప్పావంటే మన పని ముగిసినట్టే," అన్నాడు మెల్లగా. "ఈ ఊళ్ళో ఇంకెవరూ మన దగ్గర చెంచా కూడా కొనరు. ముందు అది నిజమో కాదో తెలియనీ."

"శంకు పూర్తిగా వంగలేదు. నేను చూశాను. నీకు చెప్పలేదు."

మాల్టె స్టూలు మీద కూలబడ్డాడు. తెచ్చిన రొట్టెలు పక్కకు నెట్టాడు. "మరి ఇంకా ఇక్కడెందుకున్నావు?" అన్నాడు. "వెళ్ళు."

సైకిల్ ఎక్కి బడి వైపు తొక్కింది. బేరియం గురించి చదివినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాంతులు. కండరాలు చచ్చుబడటం. గుండె లయ తప్పడం. పెద్దవాళ్ళకే అలా ఐతే, మూడేళ్ళ పిల్లలకు?

బడి నడిపే డోర్తె భోజనాల గదిలో గరిటెతో జావ వడ్డిస్తోంది. గులాబీరంగు జావ, నీలి గిన్నెలు.

"ఆపండి, డోర్తె. వాటిలో పెట్టకండి. పూత సరిగా కాలలేదు. తప్పు నాదే."

డోర్తె ఆమె ముఖం చూసింది. గరిటె పక్కన పెట్టి పిల్లల ముందున్న గిన్నెలు ఒక్కొక్కటే తీసేసింది. ఒక పాప ఏడుపు లంకించుకుంది. వంటింటి బల్ల మీద గిన్నెలు పేర్చి విగ్గా లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పైతొమ్మిది.

"ఇంకొకటి ఎల్వా అనే పిల్లది," అంది డోర్తె. "పుట్టినరోజని ఇంటికిచ్చి పంపాను. వేరే గిన్నెలో పెడితే ముట్టుకోదట. మొన్నటి నుంచి ఆ పిల్ల బడికి రావట్లేదు. వాంతులు."

"వాళ్ళింటికి ఫోన్ చేయండి," అంది విగ్గా.

ఎల్వా నాన్న యెప్పెకి డోర్తె ఫోన్ చేసింది. తీయలేదు. మళ్ళీ చేసింది. నాలుగోసారి తీశాడు. డోర్తె విషయం చెప్పింది, కాసేపు విన్నది, "సరే" అని పెట్టేసింది.

"ఆసుపత్రిలోనే ఉన్నారు. పొద్దున్నే తీసుకెళ్ళారట. డాక్టరుకి నీ పూత వివరాలు కావాలి. ఏమేం కలిపావో అన్నీ రాసి పంపు."

విగ్గా అక్కడే నేల మీద కూర్చుని ఫోన్లో రాసింది. ఒక్కో అంకెను రెండుసార్లు సరిచూసుకుంది. మిగతా పిల్లల తల్లిదండ్రులందరికీ కూడా తానే చెబుతానంది. చెప్పింది. కొందరు అరిచారు. ఒకామె మాట పూర్తికాకముందే, బిడ్డకు పరీక్ష చేయించాలంటూ ఫోన్ పెట్టేసింది.

మర్నాడంతా షెడ్డులో మాల్టె, ఆమె బల్లకు చెరోవైపు కూర్చున్నారు. కుమ్మరి సారె తిరగలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సాయంత్రం నాలుగింటికి డోర్తె చేసింది. ఎల్వాకి వచ్చింది కడుపులో వైరస్. రక్తంలో బేరియం మామూలుగా అందరికీ ఉండేంతే ఉంది. పరీక్ష చేయించిన మిగతా పిల్లలకూ అంతే. మాల్టె బయటికి వెళ్ళి రేవు గోడ దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. విగ్గాకి మాత్రం ఏడుపు రాలేదు.

వారం తర్వాత, ల్యాబ్‌కి పంపిన గిన్నెల ఫలితాల కాగితం వచ్చింది. గిన్నెల నుంచి బేరియం దిగుతున్న మాట నిజమే. ఇంకో నెల వాడి ఉంటే ఏమయ్యేదో ఆ కాగితం చెప్పలేదు.

అదే రోజు మధ్యాహ్నం యెప్పె షెడ్డుకు వచ్చాడు. చంకలో పాత పత్రికలో చుట్టిన గిన్నె. బల్ల మీద పెట్టాడు.

"నువ్వే బయటపెట్టావా, ఎవరైనా పట్టుకున్నారా?"

"నేనే చెప్పాను. కానీ ముందే చెప్పాల్సింది. బట్టీ తెరిచిన రోజే."

అతను తల ఊపాడు. "నీ వస్తువు ఇక మా ఇంట్లోకి రాదు. అది నీకు చెప్పి పోదామని వచ్చాను."

"అర్థమైంది."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఇది తీసుకుంటే ఎల్వా బాగా ఏడ్చింది," అన్నాడు ఆమె వైపు తిరగకుండానే. వెళ్ళిపోయాడు.

మాల్టె సుత్తి తెచ్చాడు. విగ్గా దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, నలభయ్యో గిన్నెను తానే పగలగొట్టింది.