దానికో పేరుంటదా?

పరుశురాం అప్పటికే వాషింగ్ మెషీన్ వెనక్కి దూరి, అరచేతిని రేకుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మూడేళ్ళ క్రితం అతని కుడిచెవి వినికిడి పోయింది. ఎడమది సగమే వినిపిస్తుంది. ఒకప్పుడు గుమ్మంలో నిలబడి చప్పుడు విని, బేరింగ్ పోయిందో బెల్టు జారిందో చెప్పేవాడు. ఇప్పుడా పని అరచేయి చేస్తోంది.

"ఉతకడం బాగానే ఉతుకుతుందండీ. జాడించేటప్పుడే నీళ్ళు నిలవవు. వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి," అంది శైలజ గొంతు పెంచి. ఆమె యూనివర్సిటీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతుంది. క్యాంపస్‌లోని ఆ క్వార్టరుకు ఇంతకుముందే ఇద్దరు మెకానిక్‌లు వచ్చి వెళ్ళారు. ఒకడు నీళ్ళ వాల్వు మార్చాడు. రెండోవాడు పంపు మార్చి, అయినా బాగుపడకపోతే కొత్త మెషీన్ కొనుక్కోమన్నాడు.

"గంత తొందరెందుకు మేడం? ఏందో జూద్దాం."

జాడింపు మొదలై నీళ్ళు పడుతుండగా ప్లగ్గు పీకేశాడు. ఇక పంపు తిరిగే వీల్లేదు. అయినా వెనక నీళ్ళు బయటికి పోయే పైపు అతని వేళ్ళ కింద సన్నగా వణుకుతూనే ఉంది. పరుశురాం కనుబొమలు పైకి లేచాయి. నలభై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నా, వింత కనబడితే ఆ ముఖం ఇట్టే వెలుగుతుంది.

"మేడం, తెల్లబట్టలకేసే నీలిమందు ఉన్నదా?"

చెంబుడు నీళ్ళలో నీలిమందు కలిపి సబ్బుపొడి అరలో పోశాడు. మోకాళ్ళు పట్టుకుని బాత్‌రూమ్‌లోకి నడిచి, నేలమీది జాలీ ఎత్తి గొంతుక్కూర్చున్నాడు. శైలజ పక్కనే వంగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత తూములోని నీళ్ళు నెమ్మదిగా నీలంగా మారాయి.

"చూసిండ్రా! కరెంటు లేకుంటనే పోతున్నది. పంపు ఒక్కపారి గుంజితే సాలు, ఇగ పైపే గుంజుకుంటున్నది. గీ నేల కొత్తగ ఏయించిండ్రా?"

"వేసవిలో టైల్స్ మార్పించాం."

"మేస్త్రీ పైపును మూరెడు లోపల్కి దిగ్గొట్టిండు. గాలి ఆడాలె."

పైపును పైకి లాగి, నాలుగువేళ్ళ మేర మాత్రం తూములో ఉంచి తీగతో కట్టాడు. మళ్ళీ ప్లగ్గు పెడితే ఈసారి నీళ్ళు నిలిచాయి.

శైలజ పకపకా నవ్వింది. "ఇది సైఫన్ అండీ! ఏటా పాఠం చెబుతాను. నా ఇంట్లోనే ఉందని కనుక్కోలేకపోయాను."

"దానికో పేరుంటదా?"

సైఫన్, సైఫన్ అని రెండుసార్లు నోట్లోనే అనుకున్నాడు. ఏడో తరగతి మానేసి రేడియోల దుకాణంలో చేరినవాడు. ఈ క్యాంపస్ హాస్టళ్ళూ క్వార్టర్లూ ఎన్నిసార్లో తిరిగాడు గానీ, ఏనాడూ తరగతి గది గడప తొక్కలేదు.

"రేపు పదింటికి నా క్లాసుకు రండి. ఎలా పట్టుకున్నారో పిల్లలకు చెప్పండి."

"నేనేం జెప్త మేడం?"

"నీలిమందు వేయాలని ఎలా తోచింది?"

"చెవులు ఇనవడయి. కండ్లతోనన్న జూద్దామని."

"అదే చెప్పండి."

తార్నాక దాకా నడిచే వెళ్ళాడు. మెట్రో స్టేషన్ కింద ఒకాయన సన్నపైపు నోట పెట్టి పీల్చి, ఒక బండిలోంచి ఇంకో బండిలోకి పెట్రోలు పడుతున్నాడు. పరుశురాం ఆగి, అది పారినంతసేపూ చూశాడు.

"గిది సైఫన్," అన్నాడు.

"ఏంది పెద్దాయనా?"

"ఏం లేదు. దాని పేరు."

సీతాఫల్‌మండిలోని ఇంటికి చేరి, అన్నం తింటూ భార్య భూదేవికి అంతా చెప్పాడు. ఎవరేమడిగితే ఏం చెప్పాలో ఆమెనే అడిగాడు. తర్వాత పెళ్ళిళ్ళకు మాత్రమే తొడిగే తెల్లచొక్కా తీసి, ఆమె చేస్తానన్నా వినకుండా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. "జర నడుము వాలుస్త, నాలుగింటికి లేపు," అని చాపమీద పడుకున్నాడు.

నాలుగింటికి భూదేవి చాయ్ తెచ్చి లేపింది. భుజం తట్టింది. రెండోసారి తట్టలేదు. గ్లాసు కింద పెట్టి, అతని తల పక్కనే కూర్చుండిపోయింది.

మర్నాడు పదిన్నరకు ఫోను మోగింది.

"పరుశురాం గారు బయల్దేరారా అండీ? పిల్లలు ఎదురుచూస్తున్నారు."

"నిన్ననే పోయిండమ్మా," అంది భూదేవి. "మీ పిల్లలకు జెప్పాలని మస్తు సంబురపడ్డడు," అంది.

తలుపు వెనక మేకుకు తెల్లచొక్కా వేలాడుతోంది. చేతులమీది ఇస్త్రీ గీతలు ఇంకా నిటారుగానే ఉన్నాయి. మెడ దగ్గరిదాకా బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి.