పదకొండు వందల మందికి ఒకే శుభవార్త

అనీపాకి మనుషులంటే పడదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆమెకి పడనిది చేతులు సబ్బునీళ్ళలో ఉన్నప్పుడు ఫోను మోగడం ఒక్కటే.

నారిన్ పట్టణంలో ఏటి వైపు వీధిలో, ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులు చేస్తుందామె. మొగుడు పోయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. గొర్రె ఉన్నిని వేడి సబ్బునీళ్ళతో తడిపి, అరచేతులు మండేదాకా రుద్ది, కర్ర అచ్చుకి తొడిగి ఆరబెట్టాలి. మధ్యలో చెయ్యి తీస్తే ఉన్ని బిగుసుకోదు. సరిగ్గా అప్పుడే ఫోను టింగుమంటుంది. "ధర ఎంత?" ఫొటో కిందే ధర రాసి ఉంటుంది, అయినా అడుగుతారు. పోనీ అక్కడితో వదులుతుందా? ధర చెప్పేముందు మీరు బాగున్నారా, పిల్లలు బాగున్నారా, గొడ్డూ గోదా బాగున్నాయా అని అడక్కపోతే ఆ వైపు వాళ్ళు పొగరంటారు. రోజుకి తొంభై మందిని కుశలమడిగితే ఇక చెప్పులెప్పుడు చేస్తుంది పాపం! ఆలస్యమైతే "ఈవిడ నిద్రపోతోందా ఏంటి?" అని పదిమందికీ కనబడేలా రాసిపోతారు.

అందుకే ఐజార్కిన్‌ని పిలిచింది. వీధి చివరింటి పిల్ల. రాజధాని బిష్‌కెక్‌లో మార్కెటింగ్ కోర్సు చదివొచ్చి, ఊళ్ళో దుకాణాలకి ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడిపిపెడుతోంది. వయసు ఇరవై మూడే గానీ నోరు మాత్రం నలభై ఏళ్ళది.

"ఎజె," అంది ఐజార్కిన్. అక్కడ పెద్దక్కల్ని అలాగే పిలుస్తారు. "మీరు చేసేది వ్యాపారమా, పేరంటమా? ఒక్కో మనిషితో అరగంటా! నిమిషంలో జవాబు రాకపోతే వాళ్ళు పక్క పేజీకి పోతారు."

"పోతే పోనీవే."

"అలాగే అందర్నీ పోనివ్వండి. ఆఖరికి మీరూ మీ గొర్రెలూ మిగుల్తారు."

"నాకు గొర్రెల్లేవు కదే."

"చూశారా, అవి కూడా పోయాయి!"

నవ్వుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల ఫోన్లో ఏదో యంత్రాన్ని కూర్చోబెట్టింది. ఎవరేం అడిగినా రెప్పపాటులో అదే జవాబిస్తుంది. కుశలం కూడా అదే అడుగుతుంది. వెళ్ళేముందు ఒక్క హెచ్చరిక చేసింది.

"ఇది ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం ఎజె. మీవాళ్ళెవరైనా ఉంటే పేర్లు వేరే జాబితాలో పెట్టండి. వాళ్ళతో మీరే మాట్లాడాలి. మనిషనుకుని మాట్లాడుతుంటే యంత్రం బదులిచ్చిందని తెలిసిందనుకోండి, జన్మలో మన గుమ్మం తొక్కరు."

అనీపా పేర్లన్నీ చూసుకుంటూ పోయింది. పదకొండు వందల పైచిలుకు. ధర అడిగినవాళ్ళు, కొన్నవాళ్ళు, కొంటామని కొననివాళ్ళు. ఒక్క ఉల్పత్ దగ్గర వేలు ఆగింది.

ఉల్పత్‌ది కొండ దాటాక, అత్‌బాషీ అవతలి పల్లె. అరవై ఎనిమిదేళ్ళు. రష్యాలో భవనాల పనికి పోయిన కొడుకు కుబాత్ కోసమని రెండేళ్ళ కిందట పెద్ద సైజు చెప్పులు తెప్పించుకుంది. ఆ తర్వాత ఆరు నెలలకే కుబాత్ ఫోను మూగబోయింది. ఏడాదిన్నరగా ఉన్నాడో లేడో తెలియదు. ఉల్పత్ ఏడ్చిన పాపాన పోలేదు. మూడు నాలుగు రోజులకోసారి అనీపాకి వాయిస్ మెసేజీ పెడుతుంది, అంతే. ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "తల్లీ, ఆ చెప్పులకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలన్నావు?" అనీపా చెప్పిందే మళ్ళీ చెప్తుంది. తర్వాత వాన గురించి, ఆవు గురించి. ఆఖర్న, "నీ చేతుల మంట ఎలా ఉంది? వెన్న రాస్తున్నావా లేదా?" అని. అనీపా చేతుల సంగతి అడిగే మనిషి ఈ భూప్రపంచంలో ఆవిడొక్కతే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ పేరు వేరే జాబితాలో పెట్టాలనే అనుకుంది. కానీ ఆ జాబితాలో అదొక్క పేరే ఉంటుంది. ఐజార్కిన్ చూస్తుంది కదా. యాభై ఒక్క ఏళ్ళు బతికి, నా మనిషి అని చెప్పుకోవడానికి ఒక్కతేనా, అదీ మొహం చూడని ముసలమ్మా అనుకోదూ! ఎంత నామోషీ! అనీపా వేలు తీసేసింది. ఉల్పత్ పదకొండు వందల్లోనే ఉండిపోయింది.

నెలరోజులు హాయిగా గడిచాయి. హాయి అనే అనాలి మరి, ఫోను ఒక్కసారి మోగితే ఒట్టు. చెప్పులు రెట్టింపయ్యాయి. ఇంట్లో ఉన్ని రుద్దే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఓ సాయంత్రం ఉండబట్టలేక లోపల ఎవరేం మాట్లాడుకుంటున్నారో చూసింది. ఉల్పత్ పురుగు సంగతి అడిగి ఉంది. యంత్రం, "పొడిగా ఉంచండి, ఎండలో వెయ్యండి" అని రాసి ఎర్ర గుండె బొమ్మ పెట్టింది. దానికి ఉల్పత్, "ఎంత బాగా చెప్పావు తల్లీ! గొంతు బాగాలేదా, రాసి పంపావు?" అంది. యంత్రం ఇంకో గుండె బొమ్మ పెట్టింది. అనీపాకి తలకొట్టేసినట్టయింది. ఇప్పుడు గొంతు విప్పితే ఇన్నాళ్ళూ ఎవరు మాట్లాడారని అడుగుతుంది. రేపు చెప్దాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు.

సెప్టెంబరులో ఐజార్కిన్ కొత్త ఆలోచనతో వచ్చింది. చలి మొదలవుతోంది కనుక అందరికీ ఒకేసారి కబురు పంపాలి.

"మొదటి మాటలోనే ఉంది ఎజె మహిమంతా. చూడగానే తెరవకుండా ఉండలేకపోవాలి. తగ్గింపు అంటే ఎవడూ తెరవడు, విసిగిపోయారు జనం."

అనీపా నోటికి ఎలా వచ్చిందో వచ్చింది. "సూయున్చూ అను."

ఆ మాట ఊరికే అనేది కాదు. బిడ్డ పుట్టినా, తప్పిపోయినవాడు ఇల్లు చేరినా, ఆ కబురు అందరికంటే ముందు మోసుకొచ్చినవాడు గుమ్మంలోంచే "సూయున్చూ!" అని అరుస్తాడు. విన్నవాళ్ళు చేతికందింది బహుమానంగా ఇచ్చి, ఆ తర్వాతే ఏంటా కబురని అడుగుతారు.

"అబ్బ! ఎజె!" ఐజార్కిన్ ఎగిరి గంతేసింది. "కోర్సు చదవాల్సింది మీరు, నేను కాదు!"

ఎన్నాళ్ళయిందో ఆమెని ఒకరు మెచ్చుకుని. మొహం వెలిగిపోయింది. మిగతా ముక్క కూడా తనే చెప్పి రాయించింది: సూయున్చూ! మీకో మంచి కబురు తెచ్చాను. ఏంటో తెలుసుకోవాలంటే జవాబివ్వండి.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి అది పదకొండు వందల ఇళ్ళకి పోయింది. ఫోను ముట్టుకోవద్దని ఐజార్కిన్ మరీమరీ చెప్పింది గనక, అనీపా దాన్ని లోపలి గదిలో పడేసి పనిలో పడింది. రెండు దాటాక చేతులు కడుక్కుని చూస్తే నలభై మూడు ఆర్డర్లు! ఒక్కతే గదిలో చప్పట్లు కొట్టుకుంది. వేలితో కిందికి తోస్తూ పోతుంటే ఉల్పత్ పేరు కనబడింది.

మొదటి మెసేజీ తొమ్మిదీ రెండుకి. అనీపా నొక్కింది. "తల్లీ! తల్లీ, ఇస్తాను, నువ్వేం అడిగితే అదిస్తాను. ఆవునిచ్చేస్తాను. చెప్పు తల్లీ, నా గుండె ఆగిపోయేలా ఉంది. నా కుబాతేనా? ఎవరు చూశారు? ఎక్కడున్నాడు?"

యంత్రం: "ధన్యవాదాలు! మీ పాదం సైజెంత?"

"సైజేంటి తల్లీ? బతికున్నాడని ఒక్క మాట చెప్పు."

యంత్రం: "మన్నించండి, అర్థం కాలేదు. మీ కబురు కోసం ఒకటి నొక్కండి."

ఉల్పత్ ఒకటి నొక్కింది.

యంత్రం: "అభినందనలు! మీకు రెండో జత సగం ధరకే!"

తర్వాతి మెసేజీలో చాలాసేపు మాటల్లేవు. ఊపిరి, దూరంగా కుక్క మొరగడం. ఆఖర్న, "సరే తల్లీ." దాని కింద పదకొండింటికి యంత్రం మళ్ళీ రాసింది: "మీరింకా ఎంచుకోలేదు. తొందరపడండి!"

అనీపా పదిసార్లు ఫోను చేసింది, ఉల్పత్ ఎత్తలేదు. ఆ "సరే తల్లీ"కి అర్థమేంటి? నమ్మిందా, తెలుసుకుందా? నమ్మి కూర్చుని ఉంటే, లేదమ్మా, నీ కొడుకు కబురేం లేదని ఎవరు చెప్పాలి? యంత్రాన్ని తిట్టుకుందామంటే ఆ మాట యంత్రానిది కాదు, తనదే. షాలు కప్పుకుని, అత్‌బాషీ మీదుగా పోయే షేర్ టాక్సీలో ఎక్కి కూర్చుంది.

"ఏంటక్కా, పెళ్ళికా?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ.

"నోరుమూసుకుని పోనీ నాయనా."

కొండ ఎక్కుతున్నంతసేపూ చెప్పాల్సిన మాట కూడబలుక్కుంది. ఒక్కటీ కుదరలేదు.

ఉల్పత్ ఇల్లు ఎక్కడని అడగాల్సిన పని లేకపోయింది. ఊరంతా అటే పోతోంది. గుమ్మం ముందు ఇరవై జతల బూట్లు. లోపల్నుంచి నూనెలో రొట్టెలు వేగుతున్న వాసన, నవ్వులు. ఓ భారీ మనిషి గేటు దగ్గరకొచ్చి, "ఎవరమ్మా నువ్వు?" అంది. పక్కింటి బాత్మా.

"నారిన్ నుంచి. అనీపా అంటారు."

"వచ్చింది! కబురు తెచ్చిన మనిషే వచ్చేసింది!" బాత్మా అరిచిన అరుపుకి కోళ్ళు చెదిరిపోయాయి. తన తలకున్న కొత్త రుమాలు విప్పి అనీపా మెడలో వేసింది. "వద్దంటే ఊరుకోను! ఇంత కబురు తెచ్చి ఉత్త చేతుల్తో పోతావా? ఎప్పుడొస్తున్నాడు మావాడు?"

అప్పుడు జనంలోంచి పిట్టంత మనిషి వచ్చి అనీపా చెయ్యి పట్టుకుంది. గొంతు వినగానే తెలిసింది, ఉల్పతే. "ముందు మనిషిని ఊపిరి తీసుకోనివ్వవే బాత్మా," అంటూ వంటింట్లోకి లాక్కుపోయి తలుపు దగ్గరకేసింది.

"అపా," అంది అనీపా. అమ్మ వయసు మనిషిని ఇంకేమని పిలుస్తుంది! "ఆ కబురు కుబాత్‌ది కాదు. అది చెప్పుల..."

"మెల్లగా. వింటారు." ఉల్పత్ బాణలిలో రొట్టెముక్కల్ని అటూ ఇటూ తిప్పింది. "తెలుసు. రెండో జత అన్నప్పుడే తెలిసింది. ముసలిదాన్నే గానీ వెర్రిదాన్ని కాదు."

"మరి వీళ్ళంతా?"

"ఆ మాట చూడగానే గోడ మీంచి బాత్మాకి అరిచేశాను. ఆగలేకపోయాను. దానికి చెప్తే ఊరికి చాటింపేసినట్టే. నాకు సంగతి అర్థమయ్యేసరికి ఇస్మార్ ముసలాయన రొట్టెలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఎలా పొమ్మంటాను?" నూనె చుయ్యిమంది. "ఏడాదిన్నరయింది ఈ గడప ఎవరైనా తొక్కి. వాళ్ళ తప్పు కాదులే. చావింటికొస్తారు, పెళ్ళింటికొస్తారు. నా ఇల్లు రెండూ కాదాయె. వచ్చి ఏమంటారు? ఇవాళ వచ్చారు. టీ తాగనీ అనీపా. టీ తాగేదాకా నోరెత్తకు."

అనీపా నోరెత్తలేదు. జనం మధ్య కూర్చుని, పోసిన టీ తాగింది, పెట్టింది తింది. కుబాత్ చిన్నప్పుడు గుర్రం మీంచి పడి గుర్రాన్నే తిట్టాడని ఒకరు చెప్తే ఉల్పత్ పగలబడి నవ్వింది. ఆఖర్న ఇస్మార్ ముసలాయన అరచేతులు చాపాడు. "ఈ గుమ్మంలో ఆ పిల్లాడి అడుగు చప్పుడు వినబడుగాక. దారి చల్లగా ఉండుగాక." అందరూ చేతులతో మొహాలు తడుముకుని "ఓమిన్" అన్నారు, తథాస్తు అన్నట్టు. అనీపా కూడా అంది. ఆ ఇంట్లో ఆ ఒక్క మాట అబద్ధం కాదనిపించింది. మనసారా అంది.

పొద్దు వాలకముందే అందరూ వెళ్ళిపోయారు, మిగిలిన రొట్టెలూ మిఠాయిలూ తలా కాస్త మూటకట్టుకుని. ఇద్దరూ టీ గిన్నెలు కడుగుతూ నిలబడ్డారు.

"రేపేం చెప్తావు అపా?"

"ఉన్నదే చెప్తాను. రేపెలాగూ ఎవరూ రారు. బాత్మాకి గోడ మీంచే చెప్పేస్తాను."

బాత్మా వేసిన రుమాలు అనీపా మెడలోనే ఉంది. తీసి మడిచి గూట్లో పెట్టింది. "నన్ను నాలుగు తిట్టు. చేసిందంతా నేనే. ఆ మాట రాయించింది నేనే, నిన్ను ఆ గుంపులో వదిలేసింది నేనే. నెల నుంచీ నీతో మాట్లాడింది కూడా నేను కాదు."

"తిడితే నీకు తేలికవుతుంది," అంది ఉల్పత్. "నాకేం వస్తుంది?"

బయట నారిన్ తిరిగిపోయే టాక్సీ హారన్ మోగింది. ఉల్పత్ గేటు దాకా వచ్చి, రొట్టెల మూట ఆమె చేతిలో పెట్టింది. పెట్టి, "నా నంబరు తీసెయ్ తల్లీ," అంది.

"ఇకమీద నేనే మాట్లాడతాను అపా. ఏ యంత్రమూ ఉండదు. నీ మీదొట్టు, నేనే."

"నువ్వయినా సరే. ఫోను మోగితే ముందు వాడేనేమోననే చూస్తాను. ఇన్నాళ్ళూ నువ్వని తెలిస్తే, పోనీలే, అనీపా కదా అని సంతోషపడేదాన్ని. ఇకనించీ అలా ఉండదు. నువ్వని తెలిస్తే కోపమొస్తుంది. నీ మీద కోపం పెంచుకోవడం నాకిష్టం లేదు."

అనీపా బతిమాలబోయింది. ఆవిడ మొహం చూసి మానుకుంది. ఫోను తీసి, పదకొండు వందల్లో ఆ పేరు వెతికింది. నిజంగా తీసెయ్యాలా అని ఫోను అడిగింది. కళ్ళనిండా నీళ్ళు, అక్షరాలు ఆనలేదు. కళ్ళు తుడుచుకుని నొక్కింది. ఉల్పత్ మెడ చాచి చూస్తోంది.

"పోయిందా?"

"పోయింది అపా."

"మన మాటలు కూడానా?"

"అవి కూడా."

"మంచిది. కొండ మీద చలేస్తుంది, కారు అద్దం ఎత్తుకో," అని ఉల్పత్ గేటు వేసుకుంది.