కువైట్ పెట్టె చెక్క

రోబో అంటే సినిమాలో తిరిగే ఇనపమనిషేనని శ్రీదుర్గ పదో తరగతికొచ్చేదాకా అనుకుంది. అదేం కాదు, చెప్పిన పని చెప్పినట్టు చేసే యంత్రం ఏదైనా రోబోయే, దాన్ని ప్లైవుడ్‌తో కూడా చెయ్యొచ్చని సైన్సు మాస్టారు కుమారస్వామి గారు నచ్చజెప్పారు. పిల్లలు చేశారు, జిల్లా పోటీలో నెగ్గారు. ఇక మిగిలింది హైదరాబాదులో జరిగే రెండు రాష్ట్రాల పోటీ. అక్కడ నెగ్గిన జట్టును కువైట్‌లో జరిగే చివరి పోటీకి తీసుకెళ్తారని మాస్టారు చెప్పినప్పుడు ముక్తేశ్వరం బడి పిల్లలంతా బల్లలు చరిచారు. శ్రీదుర్గ మాత్రం ఆ ఊరి పేరు ఇంకోసారి చెప్పమని అడిగింది.

ఎందుకంటే వాళ్ళమ్మ ఆదిలక్ష్మి ఉన్నది కువైట్‌లోనే. భర్త చనిపోయిన ఏడాదే, కూతురు నాలుగో తరగతిలో ఉండగా, ఇంటిపనికని వెళ్ళింది. రెండేళ్ళకోసారి సెలవిచ్చి పంపుతామన్నారు ఆ ఇంటివాళ్ళు. ఒకసారి పురుడన్నారు, ఒకసారి పెళ్ళన్నారు, పాస్‌పోర్టు మాత్రం వాళ్ళ బీరువాలోంచి కదల్లేదు. శ్రీదుర్గను పెంచింది అమ్మమ్మ వీరాయమ్మ. అమ్మంటే ఆ పిల్లకు శుక్రవారం సాయంత్రాలు ఫోన్‌లో కనబడి, తిన్నావా, చదువుతున్నావా అని అడిగే ముఖం, అంతే. అమ్మ ఇక్కడికి రాలేకపోతే తనే అక్కడికి వెళ్తుంది. హైదరాబాదుకు మిగతా జట్లు కప్పు కోసం వస్తున్నాయి. ఈ పిల్ల అమ్మను ఒక్కసారి ముట్టుకోవడానికి బయల్దేరుతోంది.

రోబోకు వాడిన ప్లైవుడ్ కూడా అమ్మ పంపిందే. దుప్పట్లూ పాలపొడీ వేసి కార్గోలో పంపిన పెట్టె అది. దాన్ని కొయ్యడానికి వీరాయమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. కూతురు పంపిన పెట్టెలోనే కూతురి చీరలు దాచుకుంది మరి. చివరికి తనే చీరలు తీసి మంచం మీద పెట్టి, అటు తిరిగి కూర్చుంది. కోసిన చెక్కల్లో ఒకదాని మీద అమ్మ నల్ల మార్కర్‌తో రాసిన ‘ఆదిలక్ష్మి’ అలాగే మిగిలింది. శ్రీదుర్గ దాన్ని అందరికీ కనబడేలా రోబో పక్కకు బిగించింది.

పని పెద్ద చిత్రమేమీ కాదు. నేల మీది దిమ్మెలను ఎత్తి అరలో పెట్టాలి. రెండు చెక్కల మధ్య గాడి, గాడిలో పైకీ కిందికీ జారే పలక, దాన్ని లాగడానికి చేపల వల దారం, దారాన్ని చుట్టడానికి పాత కారు వైపర్ మోటారు. పైకి మోటారు లాగుతుంది, దారం వదిలితే పలక తన బరువుకు తనే దిగుతుంది. వైర్ల సంగతి స్నేహితురాలు శిరీష చూసుకుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే, దిగేటప్పుడు పలక కీచుమంటూ మధ్యలో ఆగేది.

దసరా సెలవుల్లో ఒక శుక్రవారం అమ్మకు ఫోన్‌లో చూపించింది. అమ్మ రెండుసార్లు దింపించుకుని చూసింది.

"గాడిలో కాస్త కొబ్బరినూనె రాయమ్మా. మన వీధి తలుపు గడియ బిగుసుకుంటే నేనదే రాసేదాన్ని," అంది.

అమ్మ తన చదువులో చెయ్యిపెట్టడం అదే మొదలు. శ్రీదుర్గ నూనె రాసింది, ప్లైవుడ్ తాగినంతా రాసింది. పలక సర్రుమని దిగింది. అప్పటినుంచి రోజూ బడికి వెళ్ళగానే మొదటి పని గాడికి నూనె రాయడమే. తలకు రాసుకోవడం మరిచిపోయిందేమో గాని, దానికి మరిచిపోలేదు.

డిసెంబరులో హైదరాబాదు వెళ్ళారు. మధ్యాహ్నం ఎండలో వరండాలో ఆడించి చూస్తే ఎక్కడా తేడా లేదు. అల్యూమినియం రోబోలతో వచ్చిన జట్లవాళ్ళు కూడా ఆగి చూశారు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. సాయంత్రం నిబంధన ప్రకారం రోబోలన్నీ ఏసీ హాల్లో పెట్టించి తాళం వేశారు. పొద్దున నేరుగా బల్ల మీదికే రావాలి, ఆట మొదలయ్యాక చెయ్యి తగలకూడదు.

పొద్దున విజిల్ ఊదారు. పలక మూలుగుతూ పైకెళ్ళింది. మోటారు దారం వదిలింది. పలక దిగలేదు.

దారం వదులుగా వేలాడుతోంది, పలక పైనే ఉంది. శ్రీదుర్గ వంగి గాడిలోకి చూసింది. గాడంతా తెల్లగా పేరుకుంది.

ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. ఆ పిల్లకు తెలియకపోవడమేమిటి? ధనుర్మాసం వస్తే సీసాలో నూనె గడ్డకట్టుకుపోతుందని, అమ్మమ్మ దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి కరిగించాకనే తన తలకు పట్టిస్తుందని ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తోంది. కోనసీమలో కొబ్బరినూనె పేరుకుంటుందని తెలియనిదెవరికి? తల దగ్గర తెలిసిన సంగతి గాడి దగ్గర తట్టలేదు.

ఒక్కసారి చెయ్యి పెట్టనివ్వమని అడిగింది. అరచెయ్యి వేడి తగిలితే చాలు. నిర్వాహకుడు మంచివాడే, పాపం, కుదరదమ్మా అని మెల్లగానే చెప్పాడు. శ్రీదుర్గ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. విజిల్ మళ్ళీ ఊదేదాకా అలాగే నిలబడింది.

బయట మెట్ల మీద ఎండలో రోబోను పెట్టుకుని కూర్చున్నారు. శిరీష ఏడుస్తోంది. తప్పు తనదేనని, పెద్దవాడిగా తనైనా చూసుకోవాల్సిందని మాస్టారు అన్నారు. వచ్చే ఏడు మళ్ళీ చూద్దామనబోయి నోరు నొక్కుకున్నారు. ఈ పోటీ బడి పిల్లలకే, వచ్చే ఏడు వీళ్ళు బడిలో ఉండరు. అప్పుడు, ఎవరూ ముట్టుకోకుండానే, పలక సర్రున జారి కిందికి దిగింది. ఎండకు నూనె కరిగింది. శ్రీదుర్గకు దాన్ని మెట్లకేసి కొట్టాలనిపించింది. అమ్మ పేరున్న చెక్క కనబడి కొట్టలేకపోయింది.

ఆ రోజు శుక్రవారమే. అమ్మ ఫోన్ చేసింది. ఫలితం అడక్కముందే తన కబురు చెప్పేసింది, కువైట్‌లో పోటీ జరిగే రోజు బయటికి వెళ్ళడానికి ఆ ఇంటి మేడమ్ ఒప్పుకుందట, ఇన్నేళ్ళలో మొదటిసారట. ఓడిపోయామని శ్రీదుర్గ చెప్పింది.

"నూనె రాసేవా?" అంది అమ్మ.

"రాసేనమ్మా."

"బాగా దిగిందా మరి?"

శ్రీదుర్గ గాడి వైపు చూసింది. నూనె కారి, చెక్క మీద అమ్మ పేరు దాకా వచ్చింది.

"బాగా దిగిందమ్మా. బ్యాటరీ అయిపోయింది."

"పోన్లే, నేను చెప్పిందైనా పనికొచ్చింది," అంది అమ్మ. ఆ గొంతులో కాస్త సంతోషం ఉంది.

"పనికొచ్చిందమ్మా," అంది శ్రీదుర్గ, ఓణీ కొంగుతో అమ్మ పేరు మీది నూనె తుడుస్తూ.