పూర్ణచంద్రరావు గారి తాబేలు

శుక్రవారం వచ్చిందంటే గంగరత్నానికి తాబేలు తలంటు. చెయ్యి వెయ్యగానే తల లోపలికి లాక్కునేదానికి తలంటేంటని అడక్కూడదు. అడిగితే అత్తగారికి కోపం వస్తుంది. ముందు ఇత్తడి గంగాళంలో నీళ్లు పారబొయ్యాలి, చింతపండు పెట్టి గంగాళం తోమాలి, కొబ్బరిపీచుతో తాబేలు డిప్పని రుద్ది కడగాలి, తుడిచి నువ్వులనూనె పట్టించాలి, మూడు నామాలు దిద్దాలి. ఆపైన గంగాళంలో బెత్తెడు నీళ్లు పోసి, దాన్ని అందులోకి దించి ఉత్తరం వైపు తిప్పాలి. అది ఒక్క క్షణం ఉత్తరం చూస్తే ఒట్టు.

తెనాలిలో పూర్ణచంద్రరావు గారి రంగుల షాపు తెలియనివాళ్లు తక్కువ. వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో ఎవరో వాస్తు చూసేవాడు, ఇత్తడి తాబేలు బొమ్మని నీళ్లపళ్లెంలో పెట్టుకోమని ఆయనకు చెప్పాడు. బొమ్మకే అంత బలముంటే ప్రాణమున్నదానికి ఇంకెంత ఉండాలని ఈయన లెక్క వేసుకుని, ఎక్కడినుంచో బతికున్నదాన్నే తెప్పించాడు. ఇంటికి వచ్చేసరికే దానిమీద షాపులోని బంగారు రంగు ఎనామిల్ ఒక కోటు పడిపోయింది. ఏటా దసరాకి ఇంకో కోటు. పేరు లక్ష్మి. అది వచ్చాక రెండో షాపు తెరిచారు. ఇక చూడండి, ఇంటికి ఎవరొచ్చినా ముందు గంగాళం దగ్గరికి తీసుకెళ్లి, "నా లక్ష్మండీ, ఇది కాలుపెట్టాకే నా దశ తిరిగింది" అని చూపించడం. కాఫీ గ్లాసులతో నిలబడ్డ పెళ్లాన్ని చూసి, "నువ్వొచ్చి ఏం కలిసొచ్చిందే?" అని నవ్వడం. నవ్వుతూ అన్నమాటకి మొహం ముడుచుకుంటే సరసం తెలియని మనిషంటారని గంగరత్నం కూడా నవ్వేది.

ఆమె నడుం పట్టేసి రేపల్లెలో పుట్టింటికి వెళ్లినప్పుడు ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. చూశావా ఎంత ప్రేమో అని వదినగారు మురిసిపోయింది కూడాను. "లక్ష్మి పాలన్నం ముట్టట్లేదే, ఎప్పుడొస్తావ్?" అన్నది ఆ ప్రేమ. నడుం ఎలా ఉందని అడగలేదు. అడగలేదన్న సంగతి గంగరత్నానికీ అప్పుడు తట్టలేదు, వచ్చేస్తున్నానండి అని మర్నాడే బస్సెక్కేసింది. ఆడదాని బుద్ధి అలా తయారుచేసి పెడతారు మరి, అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప అడగనిదేంటో కనిపించకుండా.

ఈ శుక్రవారం పీచుతో రుద్దుతుంటే అరచేతంత రంగు పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. గుప్పున వాసన. చచ్చిన ఎలకేదైనా మూల పడుందేమోనని అటూ ఇటూ చూసింది. కాదు, వాసన తన చేతుల్లోంచే. పెచ్చు ఊడినచోట నల్లటి గుంట, గుంటలో చీము. దాని పక్కనే డిప్పమీద పసుపు రంగు గీతలు, నడిమధ్య నుంచి చుట్టూ చిమ్మినట్టుగా, అచ్చం నక్షత్రంలా. ఇన్నాళ్లూ వారం వారం కడిగిన డిప్పకి ఇంత అందమైన ఒళ్లు ఉందని ఆమెకు తెలియనే తెలియదు. బొటనవేలితో అంచుని నొక్కింది. రాయిలా ఉండాల్సిన డిప్ప లోపలికి దిగింది. గంగరత్నం పీచు అవతల పారేసింది.

పేపర్ చదువుకుంటున్న మొగుడికి చెప్పింది. ఆయన తలెత్తకుండానే, "రంగు ఊడితే ఇంకో కోటేద్దాంలే, దానికింత గొడవేంటి?" అన్నాడు. అత్తగారు పూజగదిలోంచి, "నీ చెయ్యి మంచిది కాదే, లక్ష్మి చల్లగా ఉంటేనే ఇల్లు చల్లగా ఉంటుంది, నీళ్లు ఇంకాస్త పొయ్యి" అంది.

గంగరత్నం నీళ్లు పొయ్యలేదు. ఆయన షాపుకి వెళ్లగానే తాబేలుని తువ్వాల్లో చుట్టి, కూరగాయల సంచిలో పెట్టుకుని బాపట్ల రైలెక్కింది. వెనకింటి జైనబ్ బీ కూతురు షబ్నం పశువుల డాక్టరు చదివి బాపట్లలో సొంతంగా ఆసుపత్రి పెట్టుకుంది. ఆ పిల్ల చిన్నప్పుడు గంగరత్నం చేతి ముద్దలు తిన్నదే. ఇంట్లో చెప్పకుండా గడప దాటడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారని చుండూరు దాటాక గుర్తొచ్చింది. సంచిలో తాబేలు కదిలినప్పుడల్లా, పోలేదులే, ఉందిలే అనుకుంది.

షబ్నం తాబేలుని బల్లమీద పెట్టుకుంది. రంగు ఒక్కో పొరా ఒలిచింది. ఒలిచినకొద్దీ గుంటలు.

"దీన్ని దేంట్లో పెట్టేవారు పిన్నీ?"

"గంగాళంలోనమ్మా. నీళ్లల్లో."

"ఇది నీళ్లల్లో బతికేది కాదు పిన్నీ, మెట్టమీద బతికేది. పొడి నేల కావాలి దీనికి. కాసేపు ఎండ, కాసేపు నీడ, తిరగడానికి చోటు. తాగడానికి మాత్రం పల్చటి పళ్లెంలో నీళ్లు చాలు. తిండేం పెడుతున్నారు?"

"పాలన్నం."

షబ్నం కళ్లు మూసుకుని తెరిచింది. "గడ్డి, ఆకులు తినేది పిన్నీ ఇది. మందార ఆకు, బచ్చలి, తోటకూర వెయ్యాలి. ఎండ లేదు, తిండిలో కాల్షియం లేదు, అందుకే డిప్ప మెత్తబడిపోయింది. నూనె, రంగు కింద తేమ చేరి కుళ్లింది."

"డిప్పే కదమ్మా, పైపైదేగా. లోపల ప్రాణానికేం కాదుగా?"

"డిప్ప అంటే ఇల్లు కాదు పిన్నీ, దాని ఒళ్లే. దాని వెన్నెముక ఇందులోనే అతుక్కుని ఉంటుంది. మీరు వేలు పెడితే దానికి తెలుస్తుంది. గీరితే నొప్పెడుతుంది."

గంగరత్నం తన చేతులు చూసుకుంది. పీచుతో అంత గట్టిగా రుద్దిన చేతులు. అది కాళ్లు కొట్టుకుంటుంటే, స్నానమంటే దీనికెంత సంబరమో అని అత్తగారు నవ్వేది, తనూ నవ్వేది. నోరులేని దాని బాధని సంబరమనుకుని ఇన్నేళ్లు నవ్వారు. "బతుకుతుందా?" అని అడిగింది.

"ఇకనైనా సరిగ్గా చూస్తే బతుకుతుంది. మళ్లీ ఆ గంగాళంలోకే వెళ్తే నెల కూడా ఉండదు."

అప్పుడే బయట కారు ఆగింది. ఖాళీ గంగాళం చూసి అత్తగారు జైనబ్ బీని అడిగి ఆచూకీ పట్టి ఫోన్ చేసినట్టుంది, పూర్ణచంద్రరావు ఊగిపోతూ లోపలికొచ్చాడు. కుక్కల్ని, మేకల్ని పట్టుకుని బెంచీలమీద కూర్చున్నవాళ్లందరూ వింటున్నారు.

"ఎవర్నడిగి తీసుకొచ్చావే? నీ అబ్బ సొమ్మనుకున్నావా? అది నాది, నా లక్ష్మి. నేను తెప్పించుకున్నాను. తియ్యి సంచిలోకి."

షబ్నం చేతి తొడుగులు తీసి, ఫోన్ అందుకుంది. "కూర్చోండి బాబాయి గారూ. ఇది నక్షత్ర తాబేలు. ఇళ్లల్లో పెంచడం నేరం, జైలుదాకా వెళ్లే కేసు. చూశాక అటవీ శాఖవాళ్లకి చెప్పకపోతే నాది తప్పవుతుంది. ఎవరిదని అడుగుతారు. మీదేనంటారుగా?"

పూర్ణచంద్రరావు బెంచీల వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. గొంతు సగానికి సగం తగ్గింది. "అబ్బే, నాదేంటమ్మా, మాటవరసకన్నాను. ఇది మా ఆవిడది. రేపల్లెలో పుట్టింటినుంచి తెచ్చుకుంది. వద్దే అంటే వినదు. నాకూ దీనికీ ఏ సంబంధం లేదు." ఆమె వైపు తిరిగి, "చెప్పవేంటే?" అన్నాడు.

గంగరత్నానికి ఈ మనిషి అబద్ధమాడతాడని తెలుసు. ఇంత సులువుగా, ఇంత దగ్గర నిలబడి, కళ్లలోకి చూస్తూ ఆడతాడని తెలియదు. ఇల్లు అత్తగారి పేరున ఉంది, షాపులు ఆయన పేరున ఉన్నాయి, చచ్చిపోయిన మామగారి పేరున గ్యాసుబండ వస్తుంది. పెళ్లినాటి గొలుసు కూడా రెండో షాపులో కలిసిపోయింది. అన్నీ పోగా ఇన్నేళ్ల కాపురంలో నీది అని ఆయన నోటారా ఇచ్చింది ఇదొక్కటి, జైలు ఉందని తెలిశాక. ఆమెకు ఏడుపు రాలేదు. కోపమైనా రాలేదు. బల్లమీద తాబేలు మెల్లగా తల బయటపెట్టింది.

"అవునమ్మా, నాదే" అంది గంగరత్నం.

పూర్ణచంద్రరావు ఊపిరి వదిలాడు.

"నాదే కాబట్టి చెప్తున్నాను. దీన్నిక ఆ ఇంటికి పంపొద్దు. ఆ అటవీ శాఖవాళ్లనే వచ్చి తీసుకెళ్లమను."

"ఏంటే నువ్వు వాగేది? షాపు..." అనబోయి, అందరూ చూస్తుంటే ఆయన నోరు మూసుకున్నాడు.

"వైద్యానికి మీరే తెచ్చారని చెప్తాను పిన్నీ. కానీ పేరైతే మీమీదే పడుతుంది" అంది షబ్నం.

"పడనీ."

షబ్నం ఫోన్ కలిపింది. తాబేలు సంగతి, పుండ్ల సంగతి చెప్పింది. ఊరు చెప్పింది, పేరు గంగరత్నం అని చెప్పింది. అవతలివాళ్లు ఏదో అడిగితే, ఫోన్ కాస్త పక్కకి జరిపి, "భర్త పేరు అడుగుతున్నారు పిన్నీ" అంది.

గంగరత్నం మొగుడి మొహంలోకి చూసింది.

"ఏ సంబంధం లేదన్నారుగా. లేరని చెప్పు."