పడమటి హద్దు

ఇరవై రెండేళ్లు ఆ వీధిలో ప్రతి గేటు ముందూ నిలబడ్డాను. ఒక్క గేటు కూడా దాటి లోపలికి పోలేదు. పాల పాకెట్లు వేసే మనిషికి గేటుకు తగిలించిన సంచి వరకే పని. బెల్లు కొడితే నిద్ర పాడైందని ఒకరు సణుగుతారు, కొట్టకపోతే పిల్లి చింపేసిందని ఇంకొకరు అరుస్తారు. ఇద్దరికీ సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని కొట్టడం మానేశాను.

నా పేరు తిరుమలమ్మ. పుట్టింది నగరిలో, మగ్గాల చప్పుడు మధ్య. పెళ్లయి తిరుపతికి వచ్చాను. మా ఆయన మునిప్రసాద్ బస్టాండు దగ్గర ఆటో తోలుతాడు. మొదట్లో సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద పాలు వేశాను. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు కాలనీలకు ఏజెన్సీ నాదే, పాకెట్లు వేయడానికి మనుషులున్నారు. అయినా లెక్చరర్ల కాలనీ మూడో వీధికి మాత్రం నేనే పోతాను. ఆ వీధంటే నాకు ఇష్టం. నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లు, ప్రతి ఇంటికీ ముందు కాస్త వాకిలి, వెనక కాస్త దొడ్డి. గాలి ఆడుతుంది. పక్కింట్లో దగ్గితే మన గోడ అదరదు.

మేము పదకొండు అద్దె ఇళ్లు మారాం. అన్ని ఇళ్లలోనూ మోటారు స్విచ్ ఓనరు గదిలోనే ఉండేది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నీళ్లు. ఆ అరగంట కోసం బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ గిన్నెలు కూడా వరసలో పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. తలంటు పోసుకోవాలంటే ఓనరమ్మ మొహం చూడాలి. అందరూ సొంత ఇల్లు కావాలంటారు. నాకు మాత్రం సొంత మోటారు కావాలి, దాని చుట్టూ ఇల్లుంటే ఇంకా మంచిది అనుకునేదాన్ని.

తెల్లవారుజామున నాలుగున్నరకే వీధి తిరిగే మనిషికి తెలియని సంగతి ఉండదు. ఎవరింటి సంపు పొంగి రోడ్డు మీదికొస్తుందో, ఎవరింటి మోటారు నీళ్లందక గురగురమంటుందో, ఏప్రిల్ వస్తే ఎవరి గేటు ముందు ట్యాంకర్ ఆగుతుందో అన్నీ నాకు తెలుసు. ఆ వీధిలో కృష్ణమూర్తి సారు ఇంటి ముందు ఇరవై రెండు ఎండాకాలాల్లో ఒక్కసారి కూడా ట్యాంకర్ ఆగలేదు.

ఆ ఇల్లు అమ్ముతున్నారని సారు భార్య శకుంతలమ్మే నాకు చెప్పింది. దామలచెరువు పక్కన మామిడితోట కొన్నారట, అందులోనే చిన్న ఇల్లు కట్టుకున్నారట. "ఈ మనిషి ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పినాడు కదా, ఇంక చెట్లకు చెప్తాడంట" అని నవ్వింది. నేనూ నవ్వాను. మోపెడ్ ఎక్కి వీధి మలుపు తిరగగానే బండి ఆపేశాను. ఆ ఇల్లు నాకు కావాలి.

ఇంటికొచ్చి చెబితే మునిప్రసాద్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ కాలనీలోనా? మనమా? వాళ్లు నిన్ను కూర్చోమని కూడా అనలా ఇన్నేండ్లలో."

"కూర్చోమనేదానికి వాళ్లెవురు? ఇల్లు కొంటే నేనే కూర్చుంటా."

మాట పెద్దగానే అన్నాను కానీ, వెళ్లి అడగడానికి ధైర్యం చాలలేదు. బ్యాంకు వాళ్లు లోను సంగతి తేల్చనీ అని వంక పెట్టుకుని ఆగాను.

ఈలోగా ఇల్లు చూడటానికి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లు లోపల తిరిగి, నచ్చిందని మొహాలు వెలిగించుకుని బయటికి వస్తారు. ఆ తర్వాత ఫోను చేయరు. దానికి కారణం ఒక ఆదివారం నాకు తెలిసింది. చిరిగిన పాకెట్లకు బదులు వేయడానికి పది గంటలకు ఆ వీధికి వెళ్లాను. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే దంపతులు ఇల్లు చూసుకుని బయటికొచ్చారు. పక్కింటి బాలచంద్ర వాళ్లను రోడ్డు మీద నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఆయన కాలనీ సంఘం అధ్యక్షుడు. వీధిలో ఎవరు బండి ఎక్కడ పెట్టాలో, ఎవరి చెట్టు కొమ్మ ఎంతవరకు పెరగాలో చెప్పేది ఆయనే.

"ఇల్లు బాగుండాది, నేను కాదనలా. నీళ్లే లేవు. ఏప్రిల్ వస్తే ట్యాంకరే దిక్కు" అంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. "కావాలంటే ఈ పాలామెను అడగండి, దినామూ తిరుగుతాది. ఏమ్మే, ఈ వీధికి ట్యాంకర్ వస్తాదా, రాదా?"

ట్యాంకర్ వస్తుంది. వచ్చేది బాలచంద్ర ఇంటికే. ప్రతి ఏప్రిల్‌లోనూ పచ్చ పైపు ఆయన గేటులోంచి లోపలికి పోవడం నా కళ్లతో చూశాను.

"వస్తాది సార్" అన్నాను.

అంతే. గూడూరు ఆమె మొహం మాడిపోయింది. కారెక్కి వెళ్లిపోయారు.

నేనెందుకు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను? అధ్యక్షుడికి ఎదురు చెబితే వీధి మొత్తం పాలు మాన్పిస్తాడేమోనన్న భయం కొంత. అసలు కారణం అది కాదు. ఇల్లు అమ్ముడుపోకుండా ఉంటే నాకే మంచిదని లోపల ఒక బుద్ధి పుట్టింది. సాయంత్రం మునిప్రసాద్‌కు చెబితే అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయి, "ఆయన మోసం చేసినాడు, సరే. నువ్వు చేసినదాన్ని ఏమంటారు?" అన్నాడు. నాకు కోపమొచ్చి గిన్నెలు ఎత్తేశాను. అతను అన్నది నిజం కాబట్టే అంత కోపం వచ్చింది.

ఇంకో రెండు నెలలు అలాగే గడిచాయి. బ్యాంకు వాళ్లు లోను ఇస్తామన్నారు. నేను ఇవాళ అడుగుతా, రేపు అడుగుతా అనుకుంటూనే ఉన్నాను. ఒక పొద్దున పాకెట్లు వేస్తుంటే శకుంతలమ్మ గేటు దగ్గరికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"శుక్రవారం అడ్వాన్సు తీసుకుంటాండాము తిరుమలమ్మా. బాలచంద్ర బామ్మర్దికే. మేమనుకున్న ధరలో సగం పైన ఏదో ఇస్తాడంట. ఏం చేసేది, వచ్చినోళ్లు ఒక్కరూ మళ్లీ రాలా. ఈ ఇంటికి ఏదో దోషం ఉండాదంటాడు సారు. ముప్పై ఐదేండ్లు బతికిన ఇల్లు. అట్టాంటి మాట వినాల్సొచ్చె."

అప్పుడు అర్థమైంది నాకు. బాలచంద్ర వీధిలో నిలబడి ఒక్కొక్కరినీ తిప్పి పంపింది తన బామ్మర్ది కోసం. నా కడుపు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో నా మీద నాకూ అంతే మండింది. ఈ ముసలామె ఏడుపులో నా మాట కూడా ఒకటుంది.

"అమ్మా, లోపలికి రావచ్చునా? సారుతో మాట్లాడాల."

ఆమె ఆశ్చర్యపోయి గేటు తీసింది. పాల క్రేటు మోపెడ్ మీదే వదిలేసి లోపలికి నడిచాను. సారు వరండాలో పేపరు చదువుతున్నారు. కూర్చోమన్నా నేను కూర్చోలేదు.

"సార్, మీ ఇంటికి ఏ దోషమూ లేదు. ఇల్లు చూసిపోయినోళ్లనంతా బాలచంద్ర సారు రోడ్డు మీద నిలబెట్టి, ఈ ఇంట్లో నీళ్లు లేవని చెప్పి పంపించినాడు. గూడూరు వాళ్లకు చెప్పినప్పుడు నేను ఆడనే ఉన్నా. నన్ను సాక్ష్యం అడిగినాడు. నేను నిజం చెప్పలా."

సారు పేపరు మడిచారు. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలా?"

"మీ ఇల్లు నాక్కావాల సార్. అమ్ముడుపోకుంటే బాగుండునని ఊరుకున్నా. తప్పే. తిట్టండి, పడతా. మీరు మొదట ఏ ధర చెప్పినారో ఆ ధరకే అడుగుతాండా, ఒక్క రూపాయి తగ్గించమనను. బ్యాంకోళ్లు లోను ఇస్తామన్నారు. నాకు ఇచ్చేది ఇష్టం లేదంటే చెప్పండి, ఆ గూడూరోళ్లను నేనే వెతికి పట్టుకుని నిజం చెప్తా. సగం ధరకు మాత్రం ఈ ఇల్లు పోకూడదు."

ఒక్క గుక్కలో చెప్పేశాను. ఇల్లు పోయింది అనుకున్నాను. ఇంత జరిగాక నాకెందుకిస్తారు? అయినా ఎందుకో మనసు తేలికైంది.

సారు లేచి ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి పిలిచారు. బాలచంద్ర వాకింగుకు బయల్దేరుతూ ఉన్నాడు, ఆ బూట్లతోనే వచ్చాడు. నన్ను వరండాలో చూసి కనుబొమ్మలు ఎత్తాడు.

"బాలచంద్రా, మా ఇల్లు తిరుమలమ్మ కొంటానంటాండాది. మా ఇంటికి ట్యాంకర్ ఏ సంవత్సరం వచ్చిందో చెప్పు, నాకు గుర్తులేదు" అన్నారు సారు. క్లాసులో ప్రశ్న అడిగినట్టే అడిగారు.

బాలచంద్ర నా వైపు ఒకసారి, సారు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు పెంచాడు. "ఈమె మాట పట్టుకుని నన్నడుగుతావా? ఏందంట, ఇల్లు ఈమె కొంటాదంటనా? రేపు వాకిట్లో క్రేట్లు పెడతాది, తెల్లారకముందే ఆటోలు వస్తాయి. కాలనీకి ఒక పద్ధతుండాది కృష్ణమూర్తీ. ఎవరు పడితే వాళ్లు నా పక్కింట్లోకి వస్తామంటే ఎట్ట? మా నిద్రలు ఏం గావాల?"

అప్పటిదాకా బిగబట్టుకున్న నోరు జారింది. "సార్, ఇరవై రెండేండ్లు మీ ఇంటి బెల్లు కొట్టకుండా పాలు వేసినా. మీ నిద్ర చెడగొట్టాలంటే నేను ఇల్లు కొననక్కర్లా. రేప్పొద్దున్నే కొట్టొచ్చు."

శకుంతలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు మాత్రం నవ్వలేదు.

"బాలచంద్రా, నేను ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు హాజరు వేసినా. వానొచ్చినా, జాతరైనా, ఈ వీధికి ఒక్కదినం కూడా గైరుహాజరు కానిది ఈమె ఒక్కతే. తప్పు చేసినా కూడా వచ్చి ఎదురుగా నిలబడి చెప్పింది. నువ్వు చెప్పలా. ఇల్లు ఈమెకే. మీ బామ్మర్దికి వేరే యాడన్నా చూసుకోమను."

బాలచంద్ర బూట్లు టకటకలాడిస్తూ వెళ్లిపోయాడు. గేటు విసురుగా వేశాడు. ఇక అది నా గేటు కదా, మెల్లగా వేస్తే ఏం పోయింది అనిపించింది.

"ఇప్పుడన్నా కూర్చోమ్మే, కాఫీ ఇస్తా. పాలు నువ్వేసినవే" అంది శకుంతలమ్మ. కూర్చున్నాను. కాఫీ తాగుతూ ఏడ్చాను.

మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. వీధిలో ఇంటింటికీ వెళ్లి, మొదటిసారి బెల్లు కొట్టి పిలిచాను. ఒక్క ఇల్లు తప్ప అందరూ వచ్చారు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే జీవితమంతా పాలతో తిరిగినదాన్ని, కొత్తగా చూసినట్టు చూశాను. అందరూ భోజనాలకు కూర్చున్నాక దొడ్లోకి వెళ్లి మోటారు వేశాను. సంపు నిండింది, పైన ట్యాంకు నిండింది, గొట్టంలోంచి పొర్లి కింద పడుతోంది. నీళ్లు వృథా చేయకూడదని నాకు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క రోజూ కట్టేయబుద్ధి కాలేదు. మునిప్రసాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. పట్టుచొక్కా తడుస్తున్నా కదల్లేదు.

ఏప్రిల్ వచ్చింది. బాలచంద్ర ఇంటి ముందు ట్యాంకర్ ఆగింది. నేను మంచిదాన్నని చెప్పుకోను. మిద్దెక్కి, పైపు చుట్టేదాకా నిలబడి చూశాను.

జూన్‌లో ఒక ఉదయం బెల్లు మోగింది. తలుపు తీస్తే బాలచంద్ర. చేతిలో ఒక ఫైలు. మా మధ్య అప్పటివరకు మాటల్లేవు. లోపలికి రమ్మంటే వచ్చి, సోఫా అంచు మీద కూర్చున్నాడు.

"మా పాప మహిత పేరున ఇల్లు రాసిస్తాండా" అన్నాడు నేల చూస్తూ. "పాత కాగితాల్లో పడమర హద్దు కృష్ణమూర్తి ఇల్లు అనుండాది. ఇప్పుడు ఉన్నోళ్ల పేరే రాయాలంటాడు దస్తావేజు రాసేటాయన. నీ పేరు... మీ పేరు ఇంటిపేరుతో సహా కావాల."

ఇల్లు రాయించేటప్పుడు నాలుగు వైపులా ఎవరెవరున్నారో రాస్తారు. మా రిజిస్ట్రేషన్ రోజున నేనూ విన్నాను. ఆ పేర్లను బట్టే ఇల్లెక్కడుందో తెలిసేది. అంటే బాలచంద్ర ఇల్లు ఎక్కడుందో కాగితం మీద చెప్పాలంటే ఇక నుంచి నా పేరు చెప్పాలి. ఆయన కూతురు దాచుకునే కాగితంలో, రేపు ఆమె పిల్లలు తీసి చదివే కాగితంలో కూడా నేనుంటాను.

"నిండ్ర తిరుమలమ్మ" అన్నాను.

"మునిప్రసాద్ భార్య అని..."

"ఇల్లు నా పేరున ఉండాది సార్. నా పేరు చాలు."

ఆయన ఫైలు మోకాళ్ల మీద పెట్టుకుని, ముసాయిదాలో ఖాళీ వదిలిన చోట పేరు రాశాడు. సరిగ్గా ఉందో లేదో చూడమని కాగితం నా చేతికిచ్చాడు. 'పడమర: నిండ్ర తిరుమలమ్మ గారి ఇల్లు.' రెండుసార్లు చదువుకున్నాను. 'గారి' అన్న చోట ఒకసారి ఆగాను.

"ఒక మాట తగ్గింది సార్."

"ఏంది?"

"చదివినోళ్లు బాడుగ ఇల్లనుకుంటారు. సొంత ఇల్లని రాయండి."

బాలచంద్ర తలెత్తి నన్ను చూశాడు. అట్లా ఎవరూ రాయరని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన కాగితం తీసుకుని, 'గారి'కీ 'ఇల్లు'కీ మధ్య కాస్త పైగా, గుండ్రటి అక్షరాలతో 'సొంత' అని రాశాడు.