పదిహేనేళ్ల రాయి

బండ్లన్నీ చెన్నబసప్ప ఇంటి ముందు నుంచే పోయాయి. 1979, మే నెల ఎండ. ఒక్కో బండిలో ముప్పై దాకా ఎర్రరాళ్లు. గనిలో అప్పుడే కోసినవి, ఇంకా తడి ఆరనివి. అరుగు మీద కూర్చున్న చెన్నబసప్పకు అంచులు చూస్తేనే తెలిసింది, అది గోటితో గీకినా రాలే రాయి.

అక్కడి రాయి అలాంటిదే. భూమిలోంచి తీసినప్పుడు బెల్లంలా గొడ్డలికి తెగుతుంది. ఏడాది పాటు ఎండా వానా తింటేనే గట్టిపడి గోడకు పనికొస్తుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కానీ రాయి కోసేవాళ్లంతా చెరకు కొట్టడానికీ అల్లం తవ్వడానికీ మళ్లి పదేళ్లయింది, అమ్మే చోట ఎండిన రాయి దొరకదు. దానికి తోడు తొందర.

తొందర బడి కోసం. చిరాగ్‌పల్లి రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికున్న ఆ ఊరి సర్కారు బడి తొమ్మిదో తరగతితో ఆగిపోతుంది. ఇంకొక్క గది చూపిస్తే పదో తరగతి ఇస్తామన్నారు పైవాళ్లు. జూన్ పదకొండున సంగారెడ్డి నుంచి అధికారి వచ్చి చూస్తాడు. గది లేకపోతే ఆ ఏడు తొమ్మిది పాసైనవాళ్లు జహీరాబాద్ పోవాల్సిందే. మగపిల్లలు లారీలు పట్టుకునైనా పోతారు. ఆడపిల్లలు ఏడుగురు, వాళ్లు ఇంట్లో కూర్చుంటారు. ఆ ఏడుగురిలో చెన్నబసప్ప కూతురు మహాదేవమ్మ ఒకతె.

ఇంటికొక బండి రాయి అని సర్పంచు రామ్‌కిషన్ పటేల్ చాటింపు వేయించాడు. చెన్నబసప్ప ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. వచ్చే ముఖం ఎవరికీ లేదు.

"ఏంది తమ్మీ, పచ్చి రాయి పోతుంటె చూసుకుంట కూసున్నవు?" ఎదురింటి హనుమమ్మ అడిగింది.

"నీకు కండ్లు మంచిగనే కనవడ్తున్నయి గద. పోయి నువ్వే చెప్పు."

"ముసల్దాని మాట ఎవడింటడు?"

"నాది మాత్రం ఎవడిన్నడు?"

హనుమమ్మ తన గడప దాకా వెనక్కి పోయింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు.

అరవై నాలుగులో ఆ బడికి పునాది వేసినప్పుడూ ఇదే ఆనవాయితీ, ఇంటికొక బండి రాయి. చెన్నబసప్ప అప్పుడు ఊరంతటికీ రాయి కోసే మనిషి. అతను గనిలో ఉండగా హనుమమ్మ పరుగెత్తుకొచ్చింది. అతని భార్య శరణమ్మకు ఆడపిల్ల పుట్టింది, నెత్తురు ఆగడం లేదు, జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. ఊళ్లోని బండ్లన్నీ గని దగ్గరే ఉన్నాయి, చెన్నబసప్ప బండితో సహా. దాని నిండా రాళ్లున్నాయి. అప్పుడూ సర్పంచు రామ్‌కిషన్ పటేలే. బండి కావాలని చెన్నబసప్ప మొత్తుకున్నా, ముహూర్తం దాటిపోతుందని పటేల్ ఆత్రం.

"ఆడోళ్లు గిట్లనె బుగులు పడ్తరు. ఈ ఒక్క ట్రిప్పు దించినంక పో," అన్నాడు.

చెన్నబసప్ప దించాడు.

శరణమ్మ చిరాగ్‌పల్లి రోడ్డు ఎక్కకముందే బండిలోనే చనిపోయింది. పటేల్ ఆ మాట అన్నందుకు చెన్నబసప్ప అతన్ని క్షమించలేదు. దించినందుకు తనను కూడా క్షమించుకోలేదు. ఆ రోజు నుంచి గని మొహం చూడలేదు, బడి గడప తొక్కలేదు. కూతురిని బడిలో చేర్పించింది కూడా హనుమమ్మే. శరణమ్మకు రెండు గదుల ఇల్లు కట్టాలని అంతకు ముందు ఏడు కోసిపెట్టిన రాళ్లు పెరట్లో గడ్డివాము కింద అలాగే ఉండిపోయాయి. వాటి సందుల్లో కోళ్లు గుడ్లు పెట్టేవి.

జూన్ మొదట్లో, మృగశిర కార్తె రాకముందే వాన పడింది, ఒక్క పూట. తెల్లారేసరికి, పాత బడి గోడకు ఆనించి లేపిన గది గోడలు మూడూ ఎర్రటి బురదై కూలబడ్డాయి.

మహాదేవమ్మ జొన్నరొట్టె తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"గోడలు కూలినయి అప్పా."

"విన్న."

"పచ్చి రాయని నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"మరెందుకు చెప్పకపోతివి?"

"నన్నెవరడిగిన్రు?"

ఆ పిల్ల ఏడవలేదు. "అమ్మను బడి తిన్నదంటవు. మరి నన్నెవరు తింటున్రు?" అని లోపలికి పోయింది.

చెన్నబసప్ప రొట్టె ముట్టలేదు. పెరట్లోకి పోయి గడ్డి లాగేశాడు. పై రాయిని గొడ్డలి వెనక వైపుతో కొట్టాడు. ఖంగుమంది.

బడి దాకా పోయాడు కానీ లోపలికి పోలేదు. గేటు బయట నిలబడ్డాడు. లోపల ఎర్ర కుప్ప చుట్టూ పటేల్, హెడ్మాస్టర్ జగన్‌మోహన్, మేస్త్రీ మాణిక్, సగం ఊరు.

"పచ్చి రాయి పేర్చి గోడంటవా మేస్త్రీ? సిగ్గుండాలె," గుంపులోంచి ఎవరో అరిచారు.

"నేను చెప్పిన. వినేటోడేడి? పటేల్ సాబ్ ముంగట నేనెంత?" అన్నాడు మాణిక్.

"ఆరు రోజులే ఉన్నయి. ఏం చెయ్యాల్నో మీరే చెప్పున్రి," అన్నాడు హెడ్మాస్టర్.

"ఆరువందల రాళ్లున్నయి నా కాడ. పదిహేనేండ్ల పైనే ఎండినయి," గేటు బయటి నుంచే అన్నాడు చెన్నబసప్ప.

అందరూ గేటు వైపు తిరిగారు. ఆ రాళ్లు ఎవరి కోసం కోసినవో తెలియనివాళ్లు అక్కడ లేరు. చివరికి పటేలే గొంతు సవరించుకున్నాడు. "ఏం తీసుకుంటవు, చెప్పు."

"పైసలొద్దు. నీ బండి రావాలె. జీతగాడు కాదు, నువ్వే తోలాలె. ఎక్కించుడు, దించుడు గూడ నువ్వే."

"నాకు యాభై ఎనిమిదేండ్లు చెన్నబసప్పా."

"మా శరణమ్మకు ఇరవై రెండే ఉండె."

పటేల్ మధ్యాహ్నానికి బండి కట్టుకుని వచ్చాడు.

మిగతా బండ్లు కూడా వచ్చాయి. మాణిక్ బురద తీయించి పునాది కడిగించాడు. గోడలు మళ్లీ లేచాయి. పటేల్ అరచేతులు పగిలితే హనుమమ్మ గుడ్డపేలికలు ఇచ్చింది. "కట్టుకో పటేలా. ఓట్లకొచ్చినప్పుడు ఈ చేతులే చూపియ్యి, అందరేస్తరు," అంది. పటేల్ కూడా నవ్వాడు. చెన్నబసప్ప నవ్వలేదు.

రెండో రోజు, బండి సగం నిండాక, పటేల్ జీతగాడు ఉరికొచ్చాడు.

"సాబ్, బీదర్ నుంచి మీ వియ్యంకుడొచ్చిండు. జీపు దిగుతలేడు, జల్ది పోవాల్నంట."

పటేల్ చేతులు దులుపుకుని రెండడుగులు వేశాడు.

"ఈ ఒక్క ట్రిప్పు దించినంక పో, పటేలా."

చెన్నబసప్ప గట్టిగా అనలేదు. అయినా రాళ్లు ఎత్తుతున్నవాళ్లంతా ఆగిపోయారు. పటేల్ నిలబడినచోటే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, వంగి, ఇంకో రాయి ఎత్తాడు. బండి నింపాడు, తోలాడు, బడి దగ్గర ఒక్కటొక్కటిగా దించాడు. వియ్యంకుడు గంట సేపు చూసి వెళ్లిపోయాడు.

ఆఖరి రాయి దించి పటేల్ బండి నొగ మీద కూలబడ్డాడు. "ఆ దినం నాకు గంత సమజ్ కాలే చెన్నబసప్పా. మాఫ్ చెయ్యి."

"రాళ్లిచ్చిన. అది గూడ అడగకు."

పటేల్ మళ్లీ అడగలేదు.

పదకొండున అధికారి వచ్చాడు. పైన రేకులు, కింద నాపరాళ్లు, మూడు కొత్త గోడలు. చేతికర్రతో గోడను తట్టి చూశాడు. గేటు దగ్గర నిలబడ్డ మనిషిని హెడ్మాస్టర్ చూపిస్తే, "రాయి ఎప్పుడు కోసింది?" అని అడిగాడు.

"అరవై మూడుల."

"బడే అరవై నాలుగులో కట్టారు కదా?"

"అవ్ సారూ. రాయి ముందుగాల పుట్టింది."

అధికారి నవ్వి కాగితం మీద సంతకం పెట్టాడు. వెనక నిలబడ్డ ఏడుగురు ఆడపిల్లల్లో ఎవరో ఈల వేశారు. ఎవరని అడిగితే ఒక్కతీ చెప్పలేదు.

పదో తరగతి మొదలైన రోజు మహాదేవమ్మ మధ్యాహ్నం సద్ది మరిచిపోయింది. అది పట్టుకుని చెన్నబసప్ప గేటు దాకా వచ్చాడు. అక్కడి నుంచే గోడ కనిపించింది. కిటికీ కింద మూడో వరసలో ఒక రాయి ముక్కు రెండు వేళ్ల మేర బయటికి ఉంది. కోసిన మనిషి కన్ను దాన్ని ఓర్చుకోలేకపోయింది. సద్ది అక్కడే పెట్టి ఇంటికి పోయి గొడ్డలి తెచ్చుకున్నాడు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు.

మొదటి దెబ్బకే కిటికీలోంచి మహాదేవమ్మ తల బయటికి వచ్చింది. "అప్పా! పాఠం నడుస్తున్నది!"

"నడవనీ. నేనేమన్న ఒర్రుతున్ననా?"

లోపల పిల్లలు గొల్లుమన్నారు. హెడ్మాస్టర్ చాక్‌పీసు చేతిలో పట్టుకుని వచ్చాడు. "జర ఆగున్రి చెన్నబసప్పా. ఈ ఒక్క గంట అయినంక కొట్టుకోన్రి."

చెన్నబసప్ప అతని వైపు చూశాడు. అదే మాట, ఇంచుమించు. కానీ హెడ్మాస్టర్ మొహంలో ఏమీ లేదు, లోపల సగంలో ఆగిన లెక్క తప్ప.

గొడ్డలి గోడకు ఆనించి, బడి వరండాలో కూర్చున్నాడు. లోపల కూతురు లేచి ఏదో జవాబు చెబుతోంది. అతనికి సగమే అర్థమైంది. గంట కొట్టేదాకా కూర్చున్నాడు.